పాస్‌పోర్టు అడగని పొరుగుదేశం ఓటరు కార్డు ఎందుకు అడుగుతుంది?

క్లుప్తంగా: భారత పౌరులకు నేపాల్‌లో వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు కూడా తప్పనిసరి కాదు. అది లేనివారి చేతిలో ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు ఉండాలి. ఆధార్ 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకు మాత్రమే పనికొస్తుంది. కరెన్సీ, వాహనం, ఫోను, ముక్తినాథ్ అనుమతి వంటివాటికి నియమాలు వేరుగా ఉన్నాయి. భూటాన్, శ్రీలంకలను నేపాల్‌తో ఒకే గాటన కట్టకూడదు.

ఉదయం శంషాబాద్‌లో ఆధార్ చూపించి ఢిల్లీ విమానం ఎక్కిన యాభై ఏళ్ల దంపతులు, మధ్యాహ్నం అదే ఆధార్‌తో ఢిల్లీలో కాఠ్‌మాండూ విమానం ఎక్కలేరు. మొదటిది దేశంలోపలి ప్రయాణం, అక్కడ మనిషి ఎవరో తెలిస్తే చాలు. రెండోది దేశం దాటే ప్రయాణం, అక్కడ మనిషి ఏ దేశం వాడో తెలియాలి. నేపాల్ యాత్రకు బయల్దేరే నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల వారికి ఎదురయ్యే తికమకల్లో సగం ఈ ఒక్క తేడా దగ్గరే పుడుతున్నాయి. “నేపాల్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదట” అన్న మాట నిజమే. ఊరి నుంచి ఊరికి పాకేటప్పటికి ఆ మాట “ఏ కార్డయినా చాలట”గా మారిపోతుంది. చిక్కు అక్కడే.

కాశీ, గయ, ప్రయాగ తిరిగివచ్చే యాత్రల్లో ఇప్పుడు అయోధ్యతో పాటు నేపాల్‌నూ కలుపుతున్నారు. పశుపతినాథ్, ముక్తినాథ్, లుంబినీ, పోఖరా ఆ జాబితాలో ఉంటున్నాయి. నాగార్జునసాగర్ దగ్గర బుద్ధవనం 2022 మేలో ప్రారంభమయ్యాక బుద్ధుడు పుట్టిన లుంబినీ పేరు ఈ ప్రాంతంలో మరికాస్త వినిపిస్తోంది. యాత్ర నిర్వాహకులు పంచే కరపత్రాల్లో గుళ్ల జాబితా పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏ కార్డు తేవాలన్న విషయానికి ఒక్క వరస దక్కితే గొప్పే.

1950 ఒప్పందం ఏమిచ్చింది?

భారత్, నేపాల్ 1950 జులై 31న కాఠ్‌మాండూలో శాంతి, స్నేహ ఒప్పందం చేసుకున్నాయి. అందులోని ఏడో అధికరణం ప్రకారం ఒక దేశపు పౌరులకు రెండో దేశంలో నివాసం, ఆస్తి, వ్యాపారం, రాకపోకల విషయంలో సమాన సౌకర్యాలు పరస్పరం ఇవ్వాలి. వీసా లేకపోవడానికి ఆధారం ఇదే.

ఇది రెండువైపులా పనిచేస్తుందనడానికి దూరం వెళ్లనక్కర్లేదు. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో రాత్రి రెండు గంటలకు కర్ర టకటకలాడిస్తూ, ఈల వేస్తూ తిరిగి, నెల మొదట్లో గేటు దగ్గర నిలబడి డబ్బులడిగే గూర్ఖా అందరికీ తెలిసిన మనిషే. వారిలో నేపాల్ నుంచి వచ్చినవారు వీసా తీసుకుని రాలేదు. ఇక్కడి యాత్రికుడు అటు వెళ్లేది, అక్కడి కాపలాదారు ఇటు వచ్చేది ఒకే వాక్యం బలం మీద.

ఆ వాక్యంలో అసలు మాట “పౌరులు”. సౌకర్యం భారతదేశంలో ఉండేవారందరికీ కాదు, భారత పౌరులకు. కాబట్టి అడిగినప్పుడు పౌరుడినని చూపే కాగితం ఉండాలి. దశాబ్దాల పాటు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1999 డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఐసీ–814 విమానం హైజాక్ అయింది. ఆ ఘటన తర్వాత ఇరుదేశాల మధ్య విమాన ప్రయాణానికి నిర్దిష్టమైన గుర్తింపు పత్రాలు తప్పనిసరి చేశారు. విమానాశ్రయంలో కనిపించే కచ్చితత్వానికి, రోడ్డు సరిహద్దులో కనిపించే వదులుతనానికి మధ్య తేడా అప్పటి నుంచి మొదలైంది.

ఆధార్ ఎక్కడ ఆగిపోతుంది?

బ్యాంకు ఖాతా, రేషను, సిమ్ కార్డు, ధాన్యం కొనుగోలు అన్నీ ఆధార్‌తోనే నడుస్తున్నప్పుడు సరిహద్దులో దాన్ని ఎందుకు కాదంటారన్నది సహజమైన ప్రశ్న. సమాధానం ఆధార్ చట్టంలోనే ఉంది. ఆధార్ సంఖ్య పౌరసత్వానికి గానీ, స్థిరనివాసానికి గానీ రుజువు కాదని 2016 నాటి ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు దేశంలో నివసించిన విదేశీయుడు కూడా ఆధార్ తీసుకోవచ్చు.

పై గూర్ఖానే మళ్లీ ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిపోతుంది. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్న నేపాల్ పౌరుడు చట్టబద్ధంగా ఆధార్ పొందగలడు. ఓటరు కార్డు మాత్రం పొందలేడు, ఎందుకంటే ఓటు హక్కు పౌరులకే ఉంది. ఒకే వీధిలో ఉన్న ఇద్దరి చేతుల్లోనూ ఆధార్ ఉండవచ్చు. ఎవరు ఏ దేశం వారో ఆ కార్డు చెప్పదు, ఓటరు కార్డు చెబుతుంది. సరిహద్దు అధికారికి కావలసింది అదే.

పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు పాసుపుస్తకం కూడా ఇదే కారణంతో ఆగిపోతాయి. వాటిని ఇచ్చే కార్యాలయాలు పౌరసత్వాన్ని తేల్చవు.

వయసును బట్టి మారే కాగితం

అయితే ఓటరు కార్డు పద్దెనిమిదేళ్లు నిండితే గానీ రాదు. పిల్లల సంగతేమిటి? బస్సు ఎక్కలేక ఎక్కే డెబ్బై ఏళ్ల అవ్వ కార్డు ఎప్పుడో పోగొట్టుకుంటే? నియమాల్లో ఇందుకు కొన్ని వెసులుబాట్లు పెట్టారు.

పదిహేనేళ్లలోపు పిల్లలు, అరవై అయిదు దాటిన పెద్దలు ఫొటో, వయసు తెలిపే ఇతర పత్రాలు చూపవచ్చు. పాన్, డ్రైవింగ్ లైసెన్సు, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు, రేషను కార్డు ఈ జాబితాలో ముందు నుంచీ ఉన్నాయి. 2019 జనవరిలో కేంద్ర హోంశాఖ ఆధార్‌నూ చేర్చింది. అప్పట్లో ఈ వార్త “నేపాల్‌కు ఇక ఆధార్ చాలు” అన్న శీర్షికలతో తిరిగింది. వయసు షరతు వెనకబడిపోయింది. ఇప్పటికీ చాలామంది నమ్మకానికి మూలం ఆ శీర్షికే కావచ్చు.

ఇక 15 నుంచి 18 ఏళ్ల మధ్య వయసు చిక్కుగా మిగులుతుంది. పదో తరగతి, ఇంటర్ పిల్లలన్నమాట. ఆధార్‌కు వయసు మించింది, ఓటరు కార్డుకు రాలేదు. వీరికి పాస్‌పోర్టు లేకపోతే, చదువుతున్న పాఠశాల లేదా కళాశాల ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఫొటోతో ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి. వేసవి సెలవుల్లో కుటుంబంతో యాత్రకు వెళ్లాలంటే ఈ పత్రాన్ని పరీక్షలు ముగిసేలోపే తీసుకోవడం మేలు. మే నెలలో కళాశాలకు వెళితే ప్రిన్సిపాల్ గది తలుపుకు తాళమే కనిపిస్తుంది.

కుటుంబంగా ప్రయాణించేవారికి మరో సౌలభ్యం ఉంది. పెద్దల్లో ఒకరి దగ్గర పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉంటే, మిగతావారు ఫొటోతో పాటు ఆ వ్యక్తితో బంధుత్వాన్ని చూపే పత్రాలతో వెళ్లవచ్చు. కాగితం మీద ఇది బాగానే ఉంది. ఆచరణలో విమాన సంస్థ కౌంటరు దగ్గర కూర్చున్న మనిషి ఎంతవరకు ఒప్పుకుంటాడన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి పెద్దలందరూ ఎవరి కార్డు వారు తెచ్చుకోవడమే నయం.

కార్డు మీద ఒక పేరు, టికెట్ మీద మరో పేరు

కాగితం సరైనదే అయినా ఆగిపోయే సందర్భాలున్నాయి. మన దగ్గర పేరు రాసే పద్ధతి దీనికి కారణం. ఓటరు కార్డులో “వెంకటమ్మ” అని ఒక్క మాటే ఉంటుంది. విమాన టికెట్ బుక్ చేసే కుర్రవాడు ఇంటిపేరు గడి ఖాళీగా వదలలేక భర్త పేరో, ఇంటిపేరో వేస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక. కొన్నింటిలో ఒక్క అక్షరంతో సరిపెడతారు. దేశంలోపలి ప్రయాణంలో చూసీచూడనట్టు వదిలేసే ఈ తేడాను అంతర్జాతీయ కౌంటరులో వదలరు. టికెట్‌ను ఓటరు కార్డును ఎదురుగా పెట్టుకుని, అందులో ఇంగ్లిషులో ఎలా ఉంటే అలా బుక్ చేయడం ఒక్కటే దీనికి మందు.

రెండోది పాత కార్డుల సమస్య. ఇరవై ఏళ్ల కిందట ఇచ్చిన నలుపు–తెలుపు కార్డుల్లో ఫొటో గుర్తుపట్టలేనంతగా మాసిపోయి ఉంటుంది. చిరునామాలో ఆంధ్రప్రదేశ్, మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది. ఆ ఊరు ఇప్పుడు వనపర్తిలోనో, నారాయణపేటలోనో, జోగులాంబ గద్వాలలోనో ఉంది. 2014లో రాష్ట్రం మారింది, 2016లో, మళ్లీ 2019లో జిల్లాలు మారాయి. ఇదంతా ఇక్కడివారికి తెలిసిన చరిత్ర. నేపాల్ సరిహద్దులోని సోనౌలీలో డ్యూటీ చేస్తున్న జవానుకు తెలియాల్సిన అవసరం లేదు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఫారం 8 నింపితే వివరాల సవరణ, కొత్త కార్డు రెండూ సాధ్యమే. కార్డు తపాలాలో చేరడానికి వ్యవధి పడుతుంది కాబట్టి ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు ఆ పని మొదలుపెట్టాలి.

ఫోనులో కార్డు ఫొటో ఉంది కదా అని అసలు కార్డును ఇంట్లో బీరువాలో భద్రంగా దాచి వెళ్లేవారూ ఉన్నారు. బీరువాలోని కార్డుతో సరిహద్దు దాటలేరు.

అమెరికా మనవలతో బయల్దేరితే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు తక్కువేమీ కాదు. సెలవులకు వచ్చిన మనవలను తీసుకుని నేపాల్ వెళ్లాలనుకుంటే లెక్క పూర్తిగా మారుతుంది. అక్కడ పుట్టిన పిల్లవాడు అమెరికా పౌరుడు. 1950 ఒప్పందం అతనికి వర్తించదు. విదేశీ భారతీయ పౌరసత్వ కార్డు, అంటే ఓసీఐ, ఉన్నా సరే నేపాల్ దృష్టిలో అతను అమెరికా పౌరుడే. పాస్‌పోర్టు కావాలి, నేపాల్ వీసా కావాలి. వీసా కాఠ్‌మాండూ విమానాశ్రయంలోనూ, నిర్దేశిత సరిహద్దు కేంద్రాల్లోనూ దొరుకుతుంది. 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125.

తిరుగు ప్రయాణం ఇంకా ముఖ్యం. ఓసీఐ కార్డు లేని మనవడికి భారత్‌లోకి మళ్లీ రావడానికి వీసా ఉండాలి, అది ఒక్కసారి ప్రవేశానికే పరిమితమైతే నేపాల్ నుంచి వెనక్కి రాలేడు. రోడ్డు మార్గంలో అయితే మరో చిక్కు. తాతయ్య, నాయనమ్మ ఎక్కడ దాటినా దాటగలరు. మనవడు మాత్రం ఇమిగ్రేషన్ కార్యాలయం ఉన్న చోటే ఆగి ముద్ర వేయించుకోవాలి. సోనౌలీలో జనంతో కలిసి నడుచుకుంటూ వెళ్లిపోతే అడ్డుపడేవారు ఉండకపోవచ్చు. ఆ ముద్ర లేదన్న సంగతి వెనక్కి వచ్చేటప్పుడు బయటపడుతుంది.

సోనౌలీ దారి

తెలంగాణ యాత్రికుల్లో ఎక్కువమంది రైల్లో కాశీ చేరి, అక్కడి నుంచి గోరఖ్‌పూర్ మీదుగా సోనౌలీ వెళ్తారు. గోరఖ్‌పూర్ నుంచి సోనౌలీ వంద కిలోమీటర్ల లోపే. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్ జిల్లా అక్కడితో ముగుస్తుంది. సరిహద్దు ఆర్చీ దాటితే నేపాల్ వైపు బేలహియా, ఆపై భైరహవా, అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు దాటితే లుంబినీ. బిహార్ మీదుగా వెళ్లేవారికి రక్సౌల్–బీర్‌గంజ్ దారి ఉంది. దాదాపు 1,751 కిలోమీటర్ల సరిహద్దు పొడవునా ఇలాంటి దాటే చోట్లు చాలా ఉన్నా, దక్షిణాది బస్సులు ఎక్కువగా కనిపించేది సోనౌలీలోనే.

ఇటువైపు సశస్త్ర సీమాబల్ జవాన్లు, అటువైపు నేపాల్ పోలీసులు తనిఖీ చేస్తారు. తనిఖీ రోజును బట్టి మారుతుంది. కొన్నాళ్లు బస్సులోకి తొంగిచూసి పంపేస్తారు, కొన్నాళ్లు ఒక్కొక్కరినీ దింపి కార్డు చూస్తారు. మునుపటి యాత్రలో ఎవరూ అడగలేదన్నది ఈసారి అడగరనడానికి హామీ కాదు. ఎన్నికల ముందు సరిహద్దును 72 గంటల పాటు మూసే ఆనవాయితీ కూడా ఉంది. నేపాల్ ఎన్నికలే కాదు, పక్కనున్న బిహార్, ఉత్తరప్రదేశ్ నియోజకవర్గాల పోలింగ్ అయినా ఇదే పరిస్థితి. నల్లగొండలో కూర్చుని బిహార్ ఎన్నికల తేదీ చూసుకోవాలా అంటే, చూసుకోవాలి.

మనుషులకు లేని సుంకం వాహనాలకు ఉంది. భారత నంబరు ప్లేటున్న కారైనా, బస్సయినా నేపాల్ కస్టమ్స్ కార్యాలయంలో రోజుల లెక్కన రుసుము కట్టాలి. దీన్ని అక్కడ “భన్సార్” అంటారు. నేపాల్‌లో దిగుమతి కార్లపై పన్నులు వాహనం ధరకు రెట్టింపును మించిపోతాయి. యాత్ర పేరుతో వచ్చిన కారు అక్కడే ఉండిపోతే ఆ పన్నంతా ఎగ్గొట్టినట్టే. అందుకే ఎన్ని రోజులకు రుసుము కట్టారో అన్ని రోజులకే అనుమతి. ఒక్క రోజు దాటినా జరిమానా పడుతుంది. ఏడాది మొత్తమ్మీద 30 రోజులకు మించనివ్వరు. కొండచరియలు పడి దారి మూసుకుపోతే నాలుగు రోజుల యాత్ర అయిదు రోజులవుతుంది కాబట్టి ఒక రోజు ఎక్కువకు కట్టడం తెలివైన పని.

వంటమనుషులతో, గుండిగలతో, బియ్యం బస్తాలతో బయల్దేరే యాత్ర బస్సులు చాలావరకు సరిహద్దు దగ్గరే ఆగిపోయి, అటువైపు నేపాల్ బస్సు మాట్లాడుకుంటాయి. దీన్ని నిర్వాహకుల కక్కుర్తి అనుకునే ముందు ఒక సంగతి గమనించాలి. వాణిజ్య వాహనానికి భన్సార్‌తో పాటు రవాణా అనుమతి వేరుగా కావాలి, పైగా త్రిశూలి నది అంచున మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు మీద మైదానంలో నడిపిన డ్రైవరు కంటే అక్కడి డ్రైవరే నయం. 2024 జులై 12న నారాయణ్‌ఘాట్–ముగ్లిన్ మార్గంలో కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలిలో కొట్టుకుపోయాయి. అదే ఆగస్టులో భారత్ నుంచి వెళ్లిన యాత్రికుల బస్సు ఒకటి తనహూ జిల్లాలో మర్స్యాంగ్ది నదిలో పడి 27 మంది చనిపోయారు. వారు మహారాష్ట్ర వారు.

శ్రావణమాసం శివుడికి ప్రీతికరమే గాని, ఆ నెలలో నేపాల్ కొండలు నానిపోయి ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాలు. అక్టోబరు, నవంబరు, మార్చి, ఏప్రిల్ నెలలు అనువైనవి. దసరా రోజుల్లో మాత్రం అక్కడ “దశైం” జరుగుతుంది. నేపాలీలకు అదే పెద్ద పండుగ. బతుకమ్మకు హైదరాబాద్ బస్టాండు ఎలా ఉంటుందో కాఠ్‌మాండూ బస్టాండు అప్పుడు అలా ఉంటుంది.

ఐసీ, ఎన్‌సీ

కాఠ్‌మాండూలో చాయ్ ధర అడిగితే దుకాణదారు “నలభై” అంటాడు. వెంటనే “ఐసీనా, ఎన్‌సీనా?” అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఐసీ అంటే భారత కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. 1993 నుంచి మారకపు రేటు ఒకటే, మన వంద రూపాయలకు నేపాలీ 160. కాబట్టి నలభై ఎన్‌సీ అంటే మన పాతిక. అడగకుండా నలభై భారత రూపాయలు తీసి ఇస్తే పదిహేను రూపాయలు పోయినట్టే. చాయ్ దగ్గర ఇది చిన్న నష్టం. రుద్రాక్షల దుకాణంలో, హోటల్ అద్దె దగ్గర చిన్నది కాదు.

నోట్ల విషయంలో గందరగోళం 2016 నవంబరు నోట్ల రద్దుతో మొదలైంది. అప్పటికి నేపాల్ బ్యాంకుల్లో, ప్రజల దగ్గర ఉన్న పాత 500, 1,000 నోట్లు మార్చుకునే దారి లేక మిగిలిపోయాయి. పెద్ద భారత నోట్లపై అక్కడ అపనమ్మకం ఏర్పడింది. 2018 డిసెంబరులో నేపాల్ వంద కంటే పెద్ద నోట్ల వాడకాన్ని నిషేధించింది. తర్వాత ఇరువైపులా సడలింపుల దిశగా కదలిక వచ్చింది. కాగితం మీద నియమం ఎలా ఉన్నా బజారులో అడ్డు లేకుండా నడిచేది వంద రూపాయల నోటే. బయల్దేరే ముందు బ్యాంకులో వంద నోట్ల కట్టలు తీసుకోవడం ఇప్పటికీ మంచి సలహా. చిల్లర నేపాలీ నోట్లలో వస్తుంది. అవి మిగిలితే సరిహద్దు దాటకముందే మార్చుకోవాలి, దేవరకొండ బ్యాంకులో అవి చెల్లవు.

యూపీఐ 2024 మార్చి నుంచి నేపాల్‌లో పనిచేస్తోంది. అక్కడి ఫోన్‌పే సంస్థతో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ చేసుకున్న ఏర్పాటు అది. పేరు వినగానే మన ఫోన్లలోని యాప్ అనుకోవచ్చు, రెండింటికీ పేరు కలవడం తప్ప సంబంధం లేదు. దాని క్యూఆర్ పలక ఉన్న దుకాణాల్లో, యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులను ముందుగా తెరిచి ఉంచుకుంటే, డబ్బు కట్టవచ్చు. ఇంటర్నెట్ లేనిచోట ఇది పనిచేయదు. కొండ మీది గుడిలో హుండీకి, దారిలో కూరగాయలమ్మే ఆవిడకు నోట్లే కావాలి. భారత సిమ్‌కు రోమింగ్ వేయించుకోకపోతే బ్యాంకు ఓటీపీలు రావు. నేపాలీ సిమ్ కొనడానికి మళ్లీ అదే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు, ఫొటో అడుగుతారు.

గడియారం సంగతి కూడా ఇక్కడే. నేపాల్ సమయం మనకంటే పదిహేను నిమిషాలు ముందు. సరిహద్దు దగ్గర ఫోన్ ఏ టవరును పట్టుకుంటే ఆ దేశపు సమయం చూపిస్తుంది. బస్సు ఆరింటికని చెబితే ఏ దేశపు ఆరింటికో అడిగి తెలుసుకోవాలి. శనివారం అక్కడ సెలవు.

ముక్తినాథ్: ఎత్తు, గాలి

నూట ఎనిమిది వైష్ణవ దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రంగా చెప్పే ముక్తినాథ్ యాత్రలో అసలు పరీక్ష శరీరానిదే. గుడి 3,700 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. పోఖరా దాదాపు 800 మీటర్లే. నల్లగొండ ఎత్తు అంతకంటే తక్కువ. ముక్తినాథ్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి మూడింట రెండొంతుల కంటే తక్కువ, అంటే ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు అంత మేర తగ్గుతుంది. శరీరం ఈ మార్పుకు అలవాటు పడటానికి రోజులు కావాలి. ప్యాకేజీలో ఉండేది గంటలు.

పోఖరా నుంచి పొద్దున్నే జోమ్‌సోమ్ వరకు విమానం, అక్కడి నుంచి జీపు, మధ్యాహ్నానికి దర్శనం అన్న పద్ధతిలో నాలుగైదు గంటల్లో దాదాపు మూడు వేల మీటర్లు ఎక్కినట్టవుతుంది. తలనొప్పి, వాంతి, తడబాటు మొదలైతే ఎత్తు జబ్బు లక్షణాలని గుర్తించి కిందికి దిగడమే చికిత్స. దర్శనం అయ్యాక చూద్దామనుకుంటేనే ప్రాణాల మీదికి వస్తుంది. జోమ్‌సోమ్ దగ్గర, అంటే 2,700 మీటర్ల ఎత్తులో, ఒక రాత్రి ఆగి వెళ్లడం చాలా తేడా చూపిస్తుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, బీపీ మందులు వాడేవారు వైద్యుడిని అడిగి బయల్దేరాలి. గుడి వెనక నూట ఎనిమిది ధారల కింద తడవడం మొక్కుగా భావించేవారు అవి మంచునీళ్లని గుర్తుంచుకోవాలి.

విమానాలు ఉదయం పూటే ఎందుకన్నదానికీ కారణముంది. అన్నపూర్ణ, ధవళగిరి పర్వతాల మధ్య కాళీగండకీ నది తొలిచిన లోయ ఒక గొట్టంలా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ ఎగువ పీఠభూమి వేడెక్కి, కింది నుంచి గాలిని పైకి లాగుతుంది. పొద్దెక్కేసరికి ఆ గాలి చిన్న విమానాలు దిగలేనంత బలంగా వీస్తుంది. పొద్దున మబ్బు పట్టిందంటే ఆరోజు విమానం లేనట్టే. 2022 మే 29న ఇదే మార్గంలో ఒక విమానం కూలి అందులోని 22 మందీ మరణించారు, వారిలో నలుగురు భారతీయులు. నేపాల్ విమానయాన సంస్థలపై యూరోపియన్ యూనియన్ 2013లోనే నిషేధం పెట్టింది. రోడ్డు దారి నెమ్మది, ఒళ్లు హూనం. శరీరానికి ఎత్తు అలవాటు కావడానికి ఆ నెమ్మదే కలిసొస్తుంది.

ఈ ప్రాంతం అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతంలో ఉంది కాబట్టి అనుమతి తీసుకోవాలి. భారత్ సహా దక్షిణాసియా దేశాల కూటమి అయిన సార్క్ పౌరులకు దాని రుసుము 1,000 నేపాలీ రూపాయలు, అంటే మన 625. ఆరోగ్యశ్రీ అక్కడ పనిచేయదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అది హెలికాప్టర్‌లో తరలించే ఖర్చును, ఎంత ఎత్తు వరకు భరిస్తుందో చదవాలి.

ఇక నేపాల్ మీదుగా కైలాస మానససరోవరం వెళ్లేవారికి ఓటరు కార్డు ఎందుకూ పనికిరాదు. అది చైనా భూభాగం. పాస్‌పోర్టు, చైనా వీసా, టిబెట్ అనుమతి అన్నీ కావాలి.

భూటాన్, శ్రీలంక వేరు

భూటాన్‌లోనూ భారతీయులకు వీసా లేదు, ఓటరు కార్డు అక్కడా చెల్లుతుంది. పోలిక అక్కడితో ఆగిపోతుంది. నేపాల్‌లో అనుమతి పత్రమే లేదు. భూటాన్‌లో ప్రవేశ అనుమతి తీసుకోవాలి, పైగా భారతీయులు తలకు రాత్రికి 1,200 రూపాయల సుస్థిరాభివృద్ధి రుసుము కట్టాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అందులో సగం. భార్యాభర్తలు, ఎనిమిది, పదేళ్ల పిల్లలిద్దరు అయిదు రాత్రులు ఉంటే హోటల్, తిండి కాకుండా ఈ రుసుమే 18,000. ఎక్కువమంది రావాలన్నది నేపాల్ లెక్క, తక్కువమంది వచ్చి ఎక్కువ ఖర్చు పెట్టాలన్నది భూటాన్ లెక్క. భూటాన్ కరెన్సీ ఙుల్‌ట్రమ్ విలువ మాత్రం సరిగ్గా మన రూపాయితో సమానం, కాబట్టి ఐసీ, ఎన్‌సీ తంటా అక్కడ లేదు.

శ్రీలంకతో ఈ ప్రాంతానికి పాత బంధమే ఉంది. నాగార్జునకొండ శాసనాల్లో మూడో శతాబ్దం నాటి సింహళ విహారం ప్రస్తావన కనిపిస్తుంది. ఇప్పటి నియమాలకు ఆ చుట్టరికంతో పని లేదు. పాస్‌పోర్టు తప్పనిసరి, ముందుగా ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. దాని రుసుము విషయంలో కొన్నేళ్లుగా నిర్ణయాలు మారుతున్నందున టికెట్ కొనే రోజున అధికారిక వెబ్‌సైటు చూడాలి. బంగ్లాదేశ్‌కు పాస్‌పోర్టు, వీసా రెండూ కావాలి.

అన్నీ ఆగిపోయిన రోజున

2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో కాఠ్‌మాండూలో యువజన నిరసనలు హింసగా మారి, పార్లమెంటు భవనం తగలబడి, ప్రధాని రాజీనామా చేశారు. విమానాశ్రయం మూసేశారు, కర్ఫ్యూ పెట్టారు. కాఠ్‌మాండూ, పోఖరా, సిమికోట్‌లలో తెలుగు యాత్రికులు చిక్కుకుపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం ఏర్పాటు చేసింది, తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీలోని తెలంగాణ భవన్‌లో సహాయ కేంద్రం తెరిచింది.

స్వేచ్ఛా సరిహద్దు మరో ముఖం అప్పుడే కనిపిస్తుంది. విమానంలో వచ్చినవారి పేర్లు ప్రయాణికుల జాబితాలో ఉంటాయి. సోనౌలీలో నడిచి దాటిన భారతీయుడి పేరు ఏ పుస్తకంలోనూ రాయరు, ఎక్కడా ముద్ర పడదు. అతను ఆ దేశంలో ఉన్నాడని ఇంట్లోవాళ్లు చెబితే తప్ప రాయబార కార్యాలయానికి తెలిసే మార్గం లేదు. అందుకే బస్సులోని అందరి పేర్లు, కార్డు నంబర్లు, దిగబోయే హోటళ్ల వివరాలు ఒక కాగితం మీద రాసి ఊళ్లో ఒకరికి ఇచ్చి వెళ్లడం ఇక్కడ చాదస్తం కాదు. సరిహద్దులో ఎవరూ రాసుకోని జాబితా అది.

ఓటరు కార్డు అక్కడే పోతే, దగ్గర్లోని పోలీసులకు ఫిర్యాదు చేసి, దాని నకలుతో కాఠ్‌మాండూలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. వారు ఇచ్చే అత్యవసర ధ్రువపత్రంతో విమానంలో తిరిగిరావచ్చు. పౌరుడేనని వారు నమ్మడానికి పోయిన కార్డు జిరాక్సు కాపీ చాలా ఉపయోగపడుతుంది. ఆ కాపీని కార్డున్న సంచీలోనే పెట్టకూడదు.